పిండిమాంసం

కంపెనీవాళ్ళకు మాంసమంటే గిట్టదు. మాంసంలాంటిదంటే మాత్రం ప్రాణం. ఆ లాంటిదాన్ని తయారు చేయడానికే ఓర్వకల్లు అవతల గుట్ట చుట్టూ కంచె వేసి, గొర్లు మేసిన నేలను చదును చేసి, అంత పొడవు రేకుల షెడ్డు లేపారు. ఆ షెడ్డులో గురమ్మ పని ముక్క చీల్చడం.

సోయాపిండి ముద్ద యంత్రంలో ఉడికి, దాని మూతిలోంచి వెడల్పాటి పట్టీలా వేడివేడిగా బయటికి వస్తుంది. కత్తితో కోస్తే పని చిటికెలో అయిపోతుంది గాని, కోసిన ముక్క కోసినట్టే కనబడుతుంది. కూరలో చూసినవాడు పన్నీరనుకుంటాడు. అందుకని ఆడవాళ్ళను బల్లకు అటూ ఇటూ నిలబెట్టి చేత్తో చీల్పిస్తారు. నార ఎటు నడిస్తే అటు బొటనవేలు దించి లాగాలి. అంచు మొరటుగా తెగాలి. ఒక కొస లావుగా, ఒక కొస పీచుపీచుగా రావాలి. నున్నగా వచ్చినవి, మాడినవి, మరీ మెత్తబడినవి పక్కనున్న నీలం డబ్బాలో పడతాయి. అవి మూటలకెక్కి పశువుల దాణాకు పోతాయి.

సూపర్‌వైజర్ రంగనాథ్ బల్లల మధ్య తిరుగుతూ ముక్కలను వెలుతురుకు పట్టి చూసేవాడు. నందికొట్కూరు కోమట్ల పిల్లాడు. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టలేదు. మాంసం ఎలా ఉంటుందో ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. ఎంత చూసినా అనుమానం తీరదు గనుక గురమ్మ దగ్గరికి వచ్చేవాడు.

"గురమ్మక్కా, ఇది మరీ మెత్తగుండాదే. మటన్ ఇట్ల ఉంటాదా?"

"లేత పొట్టేలయితే ఉంటాది సార్."

"అయితే పోనీలే," అని ట్రేలో వేసేవాడు.

గురమ్మ పక్కన నిలబడే సుంకమ్మది వాళ్ళ వీధే. చెయ్యి ఎంత ఆడుతుందో నోరూ అంత ఆడుతుంది. "పొద్దంతా మాంసం చేస్తాము, మద్దేన్నం చింతాకు పప్పు తింటాము. మనంత పుణ్యాత్ములు యాడుంటారు వదినా?" అనేది.

చింతాకు పప్పు ఎందుకంటే, కంపెనీ గేటు లోపలికి మాంసం గాని చేప గాని గుడ్డు గాని రాకూడదు. పనిలో చేర్చుకున్న రోజే యజమాని వేణుగోపాల్ శెట్టి అందరినీ కూర్చోబెట్టి ఆ మాట చెప్పాడు. కోపంగా కాదు, బతిమాలుకున్నట్టే చెప్పాడు. "మీ ఇండ్లల్లో మీరేం తింటారనేది నాకనవసరం. ఈ గేటు లోపల మాత్రం వద్దమ్మా. సరుకు కొనేవాళ్ళు మడి మనుషులు. ఇది నాకు గుడి." గేటు దగ్గర సెక్యూరిటీ అతను రోజూ బాక్సుల మూతలు తీయించి, వాసన చూసి పంపించేవాడు.

దానికెవరూ నొచ్చుకోలేదు. పని నీడలో ఉంది, నెల తిరిగేసరికి జీతం పడుతుంది. మిరపకోతలకు ట్రాక్టరెక్కిపోయి సాయంత్రానికి నడుము పట్టుకుని దిగే ఆడవాళ్ళకు అది దేవుడు చూపించిన చోటు. గురమ్మకైతే మరీను. ఇంట్లో సంపాదించే చెయ్యి ఇప్పుడు ఆమెదొక్కటే. ఇంటి బియ్యమూ, మొగుడి గుండె మాత్రలూ ఈ బల్ల మీదినుంచే పోవాలి.

ఆ రోజు ఆమె బొటనవేలు మాటిమాటికీ ఆగిపోతోంది. నున్నటి అంచులే వస్తున్నాయి. నీలం డబ్బా నిండుతోంది. రంగనాథ్ వచ్చి నిలబడ్డాడు.

"ఏమైందక్కా, ఒంట్లో బాగలేదా?"

గురమ్మ పక్కనున్నవాళ్ళ వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "సార్, ఒక మాట అడుగుతా. కోప్పడొద్దు. ఆ డబ్బాలోవి రోంత ఇస్తారా? మా ఆయప్ప కూడు తినడం ల్యా."

"ఎందుకు?"

"గుండెకు స్టెంటేసినంక డాక్టరు మాంసం మానుకోమన్యాడు. ఈయప్పకేమో మాంసం ల్యాకుంటే ముద్ద దిగదు. పప్పేసినా, కూరాకేసినా, రెండు ముద్దలు మెదిపి తట్టలో చెయ్యి కడుగుతాడు. మనిషి సగమయినాడు సార్. దీన్ని వండి మాంసమని పెడతా."

రంగనాథ్ అటూ ఇటూ చూశాడు. దాణా మూటల్లోంచి గుప్పెడు కూడా బయటికి పోకూడదని రూలు. అయినా మంచి పిల్లాడు. షిఫ్టు దిగే వేళ తానే ఒక నల్ల కవరులో వేసి, ఆటోలు ఆగే చోటికి వచ్చి ఆమె సంచిలో పెట్టాడు.

"నేనిచ్చినానని మాత్రం యాడా అనగాకు," అన్నాడు.

*

ఆమె ఇల్లు చేరేసరికి మొగుడు ఓబుళేశు అరుగు మీద ఉన్నాడు. పొద్దున ఆమె పోయేటప్పుడు ఎటు తిరిగి కూర్చున్నాడో అటే కూర్చున్నాడు.

ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో పొట్టేలు కొనాలన్నా, దేవర జాతరకు కోయాలన్నా అతన్ని పిలిచేవారు. వెన్ను మీద బొటనవేలితో నొక్కి, తోక కింద చెయ్యి పెట్టి, ఇది ఇంత తూగుతుంది, ఇది తూగదు అని చెప్పేవాడు. దానికి తిరుగు లేదు. గుట్టకు కంచె పడ్డాక మంద అమ్మేశాడు. గుండె పట్టుకుని కూలబడ్డాక పిలుపులు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు దారిన పోయేవాళ్ళు "ఏమప్పా, బాగుండావా?" అని అడిగి, జవాబు వినకుండానే పోతారు. అతనూ చెప్పడం మానేశాడు.

తిండి దగ్గర మాత్రం నోరు లేచేది. "గొర్లు మేపినోణ్ణి గొర్రెను చేస్తిరి గదే. ఆకులూ అలములూ నమిలి నమిలి నా దవడలు పడిపోతాండాయి," అనేవాడు. కూరగాయలంటే అతనికి రోగిష్టివాళ్ళ తిండి, కోమట్ల తిండి. చుట్టమొచ్చిన రోజున పప్పు పెట్టినవాణ్ణి జన్మంతా గుర్తు పెట్టుకునే మనిషి.

మరుసటి రోజు బుధవారం. ఊళ్ళో పొట్టేలు కోసే రోజు. పని దిగి వస్తూ గురమ్మ కావాలనే కోతబండ మీదుగా వచ్చింది. ఇంటికి వచ్చి తలుపు దగ్గరికి వేసి, కవరులోంచి సగం ముక్కలు తీసి, మిగతా సగం బియ్యం బాన వెనక పెట్టింది. ముక్కల్ని వేణ్ణీళ్ళలో వేసి, గట్టిగా పిండి, మళ్ళీ వేసి, మళ్ళీ పిండింది. పిండి వాసన పోవాలి. ధనియాలు, చెక్క, లవంగాలు, ఎండుకొబ్బరి వేయించి రోట్లో వేసి, వీధికంతా వినబడేట్టు నూరింది. ఎర్రగడ్డలు నల్లబడేదాకా వేయించింది. మసాలా మరిగేసరికి వాసన అరుగు దాకా పోయింది.

"ఏమే?" అన్నాడు ఓబుళేశు బయటినుంచి. చాలా రోజులకు అతని గొంతులో ప్రశ్న వినబడింది.

"ఏముండాది, రోంత మాంసం తెచ్చినా. కొవ్వు ల్యాకుండా మెత్తది కొట్టించినా. ఎముకలు గూడా వద్దంటి. రోంత తింటే ఏమయితాదిలే."

అబద్ధం అంత నున్నగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

రాగి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసింది. ఓబుళేశు మొదటి ముక్కను పళ్ళ మధ్య పెట్టుకుని వెంటనే నమల్లేదు. కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేండ్లు మందతో బతికినవాడు, ఇప్పుడు ఉమ్మేస్తాడు, తట్ట విసురుతాడు అనుకుంటూ గురమ్మ గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. అతను నెమ్మదిగా నమిలాడు. మింగాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"ఇది తుమ్మకాయ తిని పెరిగిన పొట్టేలు," అన్నాడు. "కట్టేసి మేపినదానికి ఈ రుచి రాదు. ఎవురిదంట?"

"ఏమో, నేనడగల్యా."

"అడగపనిల్యా. నేను చెప్తాండా గదా."

ముద్ద మీద ముద్ద అడిగి వేయించుకున్నాడు. వేళ్ళు నాకాడు. నుదుటిమీద చెమట పట్టింది. గురమ్మకు సంతోషమేసింది. ఆ వెంటనే భయమేసింది. ఈ మనిషికి మిగిలిందల్లా గొర్రెను గురించిన ఆ తెలివి ఒక్కటే. అదీ పోయిందన్న సంగతి అతనికి తెలియదు, తనకు తెలుసు. అలాంటిది తెలుసుకుని ఒకే ఇంట్లో ఎలా మసలాలో ఆమెకు తోచలేదు. మళ్ళీ అంతలోనే, తిన్నాడు గదా, అంతకన్నా ఏం కావాలి అని సర్దుకుంది.

పొద్దున ఆమె నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఓబుళేశు పొయ్యి దగ్గర చతికిలబడి ఉన్నాడు. ఆమె బాక్సులో సంగటి పెట్టి, మిగిలిన కూరంతా గీకి దాని మీద వేస్తున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెకు బాక్సు కట్టడం ఎన్నడూ లేదు.

"ఒద్దయ్యా, నువ్వు తిందువులే. కంపెనీలోకి రానియ్యరు."

"నువ్వు తినల్యా రేత్రి. చూస్తాండా గదా, అంతా నాకే పెడ్తివి. ఎండుకట్టె మాదిరి అయినావు. ఎవురికీ అగపడకుండా తిను పో."

మూత బిగించలేక ఒళ్ళో పెట్టుకుని అదిమాడు. గురమ్మ తీసుకోక తప్పలేదు. దారిలో పారేద్దామని మూత తీసింది. అతని చేతి ముద్రలు సంగటి మీద అట్లే ఉన్నాయి, పారేయలేకపోయింది. అయినా ఇది కంపెనీదే గదా, మాంసం కాదు గదా, ఏమవుతుంది అనుకుంది. ఆటో గేటు ముందు ఆగేదాకా అదే అనుకుంటూ ఉంది.

*

ఆ బేస్తవారం సరుకు కొనేవాళ్ళు ఉత్తరాదినుంచి వస్తున్నారు. గేటుకు మామిడాకులు కట్టారు. ముగ్గులు వేశారు. సెక్యూరిటీ అతను కొత్త టోపీ పెట్టుకుని, ఎప్పుడూ లేనిది, ప్రతి బాక్సునూ తానే విప్పుతున్నాడు.

గురమ్మ బాక్సు మూత తీయగానే మసాలా గుప్పుమంది. పైన ఎర్రటి పులుసులో పీచుపీచుగా ముక్కలు. అతను మూత వదిలేసి చెయ్యి దులుపుకున్నాడు.

"ఏందమ్మా ఇది? ఈ దినమే దొరికిందా నీకు?"

"మాంసం కాదప్పా. మనదే. మన కంపెనీదే."

"నాకు కండ్లు ల్యావా?"

వెనక వరసలో సుంకమ్మ "అవునా వదినా?" అంది. మిగతా ఆడవాళ్ళు ఒకడుగు వెనక్కి జరిగారు. వాళ్ళలో సగం మంది రాత్రి అసలు మాంసమే తిని వచ్చినవాళ్ళు. గేటు దగ్గర నిలబడితే మనిషి ముక్కు కూడా కంపెనీదై పోతుంది.

ఆఫీసులోంచి ఎవరో అరిచారు. కొనేవాళ్ళ కారు హైవే దిగిందట. అంతే, ఒకతను బాక్సును చీపురుకట్టతో చెత్తతట్టలోకి తోసి, కంచె అవతలికి తీసుకుపోయి కుక్కలకు పారేశాడు. ఇంకొకతను బకెట్లో పసుపు కలిపి తెచ్చి గేటు పొడవునా చల్లాడు. గురమ్మ నిలబడిన చోట కూడా చల్లాడు. ఆమె పాదాలు పసుపయ్యాయి. కూర కుక్కలు తినేశాయి. ఇక అది ఏమిటని చూపించడానికి గింజంత కూడా మిగల్లేదు.

వచ్చినవాళ్ళు తిరిగి, రుచులు చూసి, దండాలు పెట్టి వెళ్ళేదాకా ఆమెను సైకిళ్ళ షెడ్డు దగ్గర కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటాక వేణుగోపాల్ శెట్టి పిలిపించాడు. గదిలో వాసవి అమ్మవారి పటం ముందు దీపం వెలుగుతోంది. పక్కన రంగనాథ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోమ్మా," అన్నాడు శెట్టి. ఆమె కూర్చోలేదు. "ఇప్పుడు నాకు నిజం చెప్పు. అది మన సరుకా, బయట మాంసమా?"

"మన సరుకే సార్. దేవుని తోడు."

"మన సరుకు నీ ఇంటికెట్ల వచ్చింది?"

గురమ్మ రంగనాథ్ వైపు చూసింది. అతను పటం ముందున్న దీపాన్నే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అంటాడనుకుని ఆమె ఆగింది. అతను అనలేదు.

"దాణా డబ్బాలోనుంచి తీసుకున్యా సార్."

"రంగనాథ్, నీకు తెలుసునా?"

"నేను చూడల్యా సార్," అన్నాడు రంగనాథ్.

ఆమెకు అతనిమీద కోపం రాలేదు. ఆ పిల్లాడి మొహం చూస్తే జాలేసింది.

శెట్టి వేళ్ళతో బల్ల తట్టాడు. చెడ్డవాడయితే గురమ్మకు పని సులువుగా ఉండేది. తిట్టుకుని పోయేది. అతను చెడ్డవాడు కాదు. పస్తున్నవాళ్ళను చూస్తే జేబులో చెయ్యి పెట్టే మనిషి.

"చూడమ్మా, చెత్తలో పోయే ముక్కలు తీసుకున్యావంటే నేనేమీ అనుకోను. రెండు మాటలు కోప్పడి పనిలోకి పంపిస్తా. మాంసమే తెచ్చింటే మాత్రం నీ మొహం చూసి ఊరుకోలేను. ఈ దినం ఊరుకుంటే రేపు ఈ గేటుకు అర్థమే ఉండదు. ఎవురి మాటా నమ్మి నీ కూడు తీయను. నువ్వొక్కదానివే తిన్యావా, ఇంగెవురన్నా తిన్యారా?"

"మా ఆయప్ప తిన్యాడు సార్."

"అయితే పోదాం పద. ఆయప్పనే అడుగుదాం."

గురమ్మ ఒకడుగు ముందుకేసింది. "నేను ముందుపోయి చెప్పి..." అని ఏదో అనబోయింది.

"వద్దు," అన్నాడు శెట్టి మెత్తగానే. "నేర్పిచ్చిన మాట నాకొద్దు."

*

కారులో ఆమెను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. పొద్దున ఆటో దిగుతూనే పెట్టుకున్న కంపెనీ ప్లాస్టిక్ టోపీ నెత్తిమీద అట్లే ఉంది, తీయాలని కూడా గుర్తు రాలేదు. వెనక శెట్టి, రంగనాథ్. కారు ఎంత మెత్తగా పోతే ఆమెకు అంత భయమేసింది. ఓబుళేశు నిద్రపోతుంటే బాగుండుననుకుంది. జ్వరమొచ్చి పలకలేకుండా ఉన్నా బాగుండుననుకుని, వెంటనే నాలుక కరుచుకుంది.

అతను నిద్రపోవడం లేదు. అరుగు మీద నిటారుగా కూర్చుని, తన జతగాడు హనుమన్నకు రాత్రి తిన్న మాంసం సంగతి చెబుతున్నాడు. పక్కన ఇంకో నలుగురు చేరారు. కారు వాకిట్లో ఆగేసరికి అందరూ లేచారు. ఓబుళేశు కూడా గోడ పట్టుకుని లేవబోయాడు.

"కూర్చో పెద్దాయనా, కూర్చో," అని శెట్టి తానే వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు. "నేను కంపెనీ శెట్టిని. నిన్నొక మాట అడిగిపోదామని వచ్చినా."

"నన్నా సామీ?" అన్నాడు ఓబుళేశు.

"నిన్నే."

ఓబుళేశు తుండుగుడ్డ తీసి భుజం మీద సర్దుకున్నాడు. గురమ్మను చూసి, "శెట్టిసారుకు నీళ్ళు తెచ్చియ్యి మే," అన్నాడు, ఇంటి యజమాని అన్నట్టే. ఆమె లోపలికి పోయి మంచి గ్లాసు తోమి నీళ్ళు తెచ్చింది. శెట్టి తీసుకుని చేతిలో పట్టుకున్నాడు.

"నిన్న రేత్రి నువ్వు తిన్న కూర ఏమిది పెద్దాయనా?"

"నిన్ననా? మాంసం సామీ. పొట్టేలు మాంసం."

"గ్యారంటీగా?"

"అదేం మాట సామీ?"

"అట్ల కాదు. మా కంపెనీలో మాంసం మాదిరిదే ఒకటి చేస్తాము. పిండితో చేస్తాము. పెద్ద పెద్ద హోటళ్ళల్లో తిన్నోళ్ళు గూడా తేడా కనుక్కోలేకపోయినారు. నువ్వు తిన్నది అది అయ్యుండచ్చా? బాగా ఆలోచించి చెప్పు."

అలా అడుగుతున్నప్పుడు శెట్టి గొంతులో చిన్న ఆశ వినబడింది. గురమ్మకు అది స్పష్టంగా తెలిసింది. అవును అని ఈ మనిషి అంటే చాలు, శెట్టి తనను క్షమించడమే కాదు, లోలోపల మురిసిపోతాడు కూడా. గొర్లకాపరినే మెప్పించిన సరుకయితే అంతకన్నా ఏం కావాలి.

ఓబుళేశు నవ్వాడు. గుండె జబ్బు వచ్చాక ఆమె వినని నవ్వు అది. అతనితోపాటు అరుగు మీదివాళ్ళందరూ నవ్వారు.

"సామీ, మీరు పెద్దోళ్ళు. తప్పుగా అనుకోవద్దండి. మీ పిండిముక్కకూ పొట్టేలు మాంసానికీ తేడా తెలీకుంటే, నేను ఇన్నేండ్లు గొర్లెనక తిరిగిందెందుకు? ఆ పొట్టేలు తుమ్మకాయ తినింది. పాలపళ్ళు ఊడి ఏడాది గూడా కాల్యా. ముక్క నోట్లో పెట్టంగానే చెప్పినా. అడగండి, వండింది అదే గదా."

"ఓబుళేశప్ప మాంసం విషయంలో తప్పు చెప్పడు సామీ," అన్నాడు హనుమన్న. "ఈ సుట్టుపక్కల ఎవుర్నన్నా అడగండి."

శెట్టి మొహం చిన్నబోయింది. చేతిలోని గ్లాసును అరుగు మీద మెల్లిగా పెట్టేశాడు. గుక్కెడు కూడా తాగలేదు. గురమ్మ వైపు తిరిగాడు.

"ఏమమ్మా? నువ్వేమంటావు?"

అందరూ ఆమె వైపు చూశారు. శెట్టి వెనక నిలబడిన రంగనాథ్ కళ్ళతోనే లోపలికి చూపిస్తున్నాడు. ఇంకా ఉన్నాయా, ఉంటే తే, అన్నట్టు గడ్డం ఎత్తుతున్నాడు. ఉన్నాయి. బియ్యం బాన వెనక కవరులో సగం ముక్కలు ఉన్నాయి. నాలుగడుగులు వేసి తెచ్చి శెట్టి ముందు పోస్తే అయిపోతుంది. రేపు పొద్దున మళ్ళీ ఆ బల్ల దగ్గర నిలబడుతుంది.

ఆమె మొగుడి మొహం చూసింది. అతను ఆమెను చూడటం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళను చూస్తున్నాడు. మెడ నిలిచింది. కారులో వచ్చిన శెట్టి తన అరుగు మీద కూర్చుని తనను అడిగాడు, తాను చెప్పాడు, పదిమంది ఒప్పుకున్నారు. ఆ ముక్కలు తెచ్చి ఇక్కడ పోస్తే ఈ పదిమందే ఇంకో నవ్వు నవ్వుతారు. పిండి తిని తుమ్మకాయ రుచి చెప్పాడని ఊరు ఊరంతా, ఆ మనిషి పాడె ఎక్కేదాకా చెప్పుకుంటుంది. అతను మళ్ళీ తలెత్తడు.

కాళ్ళు కదిలాయి. గడప దాకా పోయాయి కూడా. గడప దగ్గర ఆమె తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది.

"ఆయప్ప చెప్పిందే సార్," అంది.

రంగనాథ్ తల దించుకున్నాడు. శెట్టి లేచి పంచె దులుపుకున్నాడు. "నిన్ను పంపించాల్సి వస్తుందని నేననుకోలేదమ్మా," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. "దేవుని మీద ఒట్టు గూడా పెట్టుకుంటివే." కారు వాకిట్లోనే వెనక్కి తిరిగి పోయింది. దుమ్ము చాలాసేపటిదాకా దిగలేదు.

"ఏమిటికి వచ్చినాడు మే శెట్టి?" అని అడిగాడు ఓబుళేశు.

"ఊరికే," అంది.

ఊరికే కాదని సాయంత్రం సుంకమ్మ వచ్చి చెప్పింది. గురమ్మ చెప్పులు, సంచి సైకిళ్ళ షెడ్డు దగ్గరే ఉండిపోతే తెచ్చి ఇచ్చి, వాకిట్లోనే నిలబడి గొంతెత్తి చెప్పింది. గేటు దగ్గర జరిగింది, పసుపునీళ్ళు, పని తీసేయడం, అన్నీ. ఓబుళేశు వింటూ కూర్చున్నాడు. సుంకమ్మ పోయాక గురమ్మ వైపు తిరిగాడు.

"నేను బాక్సులో ఏస్తి గదా, దానికేనా?"

"దానికి కాదులే. ఎప్పుడో ఒకప్పుడు తీసేసేటోళ్ళే."

"ఆయప్ప వచ్చి నన్నే అడిగినాక అబద్ధమెట్ల చెప్తాను మే?"

"చెప్పగూడదు."

"నీకు పని ల్యాకుంటే..." అని ఆగిపోయాడు. ఆమె ఏమైనా అంటుందేమోనని చూశాడు. ఆమె సంచి తీసి లోపల పెట్టింది. కాసేపటికి అతని గొంతు మళ్ళీ నిలదొక్కుకుంది. "పోతే పోనీ. మాంసం తిని ల్యాదని చెప్పుకునే బతుకు మనకెందుకు? ఆ పిండిముక్కలతో బతికేదేముండాది?"

"ఏముండాది," అంది గురమ్మ.

పొద్దు వాలేసరికి అరుగు మీద జనం పెరిగారు. కారు వచ్చిన సంగతి ఊరంతా తెలిసింది. ఒక్కొక్కరూ వచ్చి ఏమైందప్పా అని అడగడం, ఓబుళేశు మొదటినుంచి చెప్పడం. శెట్టి ఎలా అడిగాడో, తాను ఎలా చెప్పాడో. చెప్పిన కొద్దీ గొంతు పెరుగుతోంది. రాయలాపురంలో ఎవరికో దేవర ఉందట, పొట్టేలును చూడటానికి రేపు వస్తావా అని ఒకాయన అడిగాడు. చూద్దాంలే, ఆటో పంపించండి అన్నాడు ఓబుళేశు.

గురమ్మ లోపల సంగటి కెలికింది. ఆ కవరు విప్పాలనిపించలేదు. పుల్లకూరాకు పప్పు ఉంటే వేడి చేసి, తట్టలో పెట్టి, అరుగు మీదికే తెచ్చి అతని ముందు ఉంచింది. ఎత్తి విసురుతాడేమోనని పక్కనే నిలబడింది.

అతను మాట ఆపలేదు. హనుమన్నతో మాట్లాడుతూనే ముద్ద చేశాడు, పప్పులో అద్దాడు, మింగాడు. ఇంకో ముద్ద చేశాడు. ఏం తింటున్నాడో ఒక్కసారి కూడా వంగి చూసుకోలేదు. చెయ్యి ఖాళీ తట్టను తడిమితే, మాటల మధ్యలోనే తట్టను ఆమె వైపు జరిపాడు. మళ్ళీ పెట్టింది. అదీ తినేశాడు.

గురమ్మ ఆ తట్టనే చూస్తూ ఉండిపోయింది. మాంసం లేక కాదు ఈ మనిషి తిననిది. ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి అడిగి ఉంటే, ఈ పప్పే ఎప్పుడో తినేవాడు. అందుకోసమా తాను దాణా ముక్కలకు చెయ్యి చాచింది, అందుకోసమా దేవుని తోడు అన్న మాటను మట్టిలో కలిపింది. ఏడుపు వచ్చింది గాని, అంతమందిలో ఏడిస్తే ఎందుకో చెప్పాలి.

తట్ట తీసుకుని లోపల పెట్టి వచ్చింది. హనుమన్న ఇంటికి బయలుదేరుతుంటే వాకిలి దాకా పోయి, మొగుడికి వినబడకుండా అడిగింది.

"మిరపకోతకు ట్రాక్టరు యాడికొస్తాది హనుమన్నా?"

"రచ్చకట్టకాడికి. తెల్లార్తోనే రావల్ల. ఆలస్యమయితే మనిషి కోసం నిలబడరు."

"వస్తాలే," అంది.